మరో ఇరవై ఏళ్లు ఎవరికి? రికార్డయిన పాట మీద హక్కు గడువు గొడవ

2006 డిసెంబర్ 7న లండన్‌లో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక తెరిచినవాళ్లకు ఒక పూర్తి పేజీ ప్రకటన కనిపించింది. రికార్డయిన సంగీతం మీద కాపీరైట్ గడువు పెంచి కళాకారులకు న్యాయం చెయ్యమని బ్రిటన్ ప్రభుత్వానికి విన్నపం అది. కింద చీమల బారుల్లా దాదాపు 4,500 మంది సంగీతకారుల పేర్లు. ఆ చిన్న అక్షరాలను ఓపిగ్గా చదివినవాళ్లకు రెండు పేర్లు తేడాగా తగిలాయి. గాయకుడు లోనీ డోనెగన్ 2002లోనే కన్నుమూశారు. మరో గాయకుడు ఫ్రెడ్డీ గారిటీ ఆ ఏడాది మే నెలలో పోయారు. వారసులు వాళ్ల తరఫున పేరిచ్చి ఉంటారని సర్దిచెప్పుకోవచ్చు. కానీ గడువు పెంచితే కళాకారులకు ఉత్సాహం వచ్చి మరిన్ని పాటలు చేస్తారన్న వాదన జోరుగా సాగుతున్న రోజులవి. అమెరికన్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ లారెన్స్ లెస్సిగ్ సరిగ్గా అక్కడే చురక అంటించారు, గడువు పెంపు చనిపోయినవాళ్లకు కూడా ఉత్సాహమిస్తుందన్నమాట అని.

ప్రకటన ఆ రోజే రావడం యాదృచ్ఛికం కాదు. ముందు రోజే గవర్స్ నివేదిక బయటికొచ్చింది. మేధో సంపత్తి చట్టాల తీరుతెన్నులు పరిశీలించమని అప్పటి ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ 2005 చివర్లో ఆండ్రూ గవర్స్‌కు అప్పగించారు. రికార్డింగులకు 50 ఏళ్లు చాలు, పెంచడానికి తగిన ఆధారం లేదని ఏడాది తర్వాత ఆయన తేల్చారు. అంతకు ముందు గవర్స్ ఫైనాన్షియల్ టైమ్స్ సంపాదకుడు. అంటే ఆయన తీర్పు మీద నిరసనను ఆయన పాత పత్రికలోనే డబ్బిచ్చి వేయించారన్నమాట.

ఆ రోజుకు గవర్స్ మాటే చెల్లింది. ఐదేళ్లు తిరిగేసరికి మాత్రం యూరప్ చట్టమే మారిపోయి 50 కాస్తా 70 అయింది. ఈ మధ్యలో జరిగిన వాదనంతా ఒక మనిషి పేరు మీద నడిచింది. ఎప్పుడో యవ్వనంలో స్టూడియోకి వెళ్లి గిటారో వయొలినో వాయించి, ముసలితనంలో చేతికి చిల్లిగవ్వ రాని మామూలు వాద్యకారుడు ఆ మనిషి. అతని పేరు చెప్పి తెచ్చిన ఇరవై ఏళ్లలో అతని వాటా ఎంత అన్నదే ఈ గొడవలో అసలు ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ముందు ఒక పాటను విప్పి చూడాలి.

1958 వేసవిలో ఇయాన్ శామ్‌వెల్ అనే కుర్రాడు రిహార్సల్‌కి బస్సులో వెళ్తూ ఒక పాట కట్టాడు. పాట పేరు మూవ్ ఇట్. జులైలో దాన్ని లండన్‌లోని అబే రోడ్ స్టూడియోలో రికార్డు చేశారు. పాడింది క్లిఫ్ రిచర్డ్. అప్పటికి ఆయనకు ఇంకా 18 నిండలేదు. పాట మొదట్లో చెవులు పట్టుకుని లాగే ఆ గిటారు బ్యాండులో వాళ్లది కాదు, ఆ పూటకు పిలిపించిన ఎర్నీ షియర్ అనే సెషన్ గిటారిస్టుది. బేస్ వాయించిన ఫ్రాంక్ క్లార్క్ కూడా సెషన్ మనిషే.

రెండున్నర నిమిషాలు కూడా లేని ఆ పాటలో చట్టం దృష్టిలో రెండు వేరువేరు ఆస్తులున్నాయి. ఒకటి బాణీ, మాటలు కలిసిన రచన. రెండోది ఆ రోజు స్టూడియోలో పట్టుకున్న ధ్వని. రచన మీద హక్కు రచయిత బతికున్నంత కాలం, పోయాక మరో 70 ఏళ్లు. శామ్‌వెల్ 2003లో చనిపోయారు కాబట్టి ఆ హక్కు 2073 చివరి దాకా ఉంటుంది. ధ్వని లెక్క అలా కాదు. పాడినవాళ్లు, వాయించినవాళ్లు బతికున్నారా పోయారా అన్నదానితో దానికి పని లేదు. రికార్డు విడుదలైన ఏడాది నుంచి 50 ఏళ్లు లెక్కపెట్టడమే. ఆ లెక్కన మూవ్ ఇట్ రికార్డింగు మీద హక్కు 2008 డిసెంబర్ 31తో ఆఖరు. క్లిఫ్ రిచర్డ్‌కి అప్పటికి 68 ఏళ్లు, ఇంకా వేదికలెక్కి పాడుతూనే ఉన్నారు. పాట రాసినవాళ్ల వారసులకు 2073 దాకా రాబడి, పాడినవాడికి కళ్ల ముందే బంద్. ఇదేం న్యాయం అన్నది ప్రచారకుల ప్రశ్న. సూటిగానే తగిలే ప్రశ్న అది. అందుకే బ్రిటన్ పత్రికలు ఈ ప్రతిపాదనకు ఏకంగా క్లిఫ్ చట్టం అని ముద్దుపేరు పెట్టేశాయి.

ఈ తేడా ఎక్కడిది? పాట రాయడం సృష్టి, పాడటం దాన్ని వినిపించడం మాత్రమే అన్న పాత ఆలోచన నుంచి వచ్చింది. రికార్డును మొదట్లో ఒక కళాఖండంగా కాదు, ఫ్యాక్టరీలో తయారైన వస్తువుగా చూశారు. బ్రిటన్ 1911 చట్టం రికార్డు తయారీదారుకు 50 ఏళ్లు ఇచ్చింది. పాడినవాళ్ల హక్కుల్ని అంతర్జాతీయంగా మొదట గుర్తించింది 1961 నాటి రోమ్ ఒప్పందం, అదీ కనీసం 20 ఏళ్లకే. ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు వచ్చిన ట్రిప్స్ ఒప్పందం దాన్ని 50 చేసింది. ఒక గాయని గొంతు తీసేస్తే ఆ పాటలో మిగిలేదేమిటని అడిగే శ్రోతకి ఈ పెద్ద చెల్లెలు, చిన్న చెల్లెలు తరహా ఏర్పాటు అర్థం కాదు. ఆ మాటకొస్తే చట్టం కూడా దానికి గట్టి కారణం ఏనాడూ చెప్పలేదు.

అసలు పీటముడి మాత్రం పనివాళ్లకు డబ్బు చేరే దారిలో ఉంది. పాడినందుకు కాగితం మీద కళాకారుడికి హక్కు ఉన్నా, మామూలుగా ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే అది రికార్డు కంపెనీకి బదిలీ అవుతుంది. పేరున్న గాయకుడికి అమ్మకాల్లో కొంత శాతం రాయల్టీ. ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, రికార్డింగు ఖర్చులు ఆ రాయల్టీలోంచి కోసుకుంటారు. బాకీ తీరేదాకా గాయకుడికి అమ్మకాల నుంచి వచ్చేది సున్నా. చాలామంది విషయంలో ఆ బాకీ ఎన్నటికీ తీరదు. పాట అమ్ముడుపోతూనే ఉంటుంది, ఖాతా మైనస్‌లోనే ఉంటుంది. ఇక ఎర్నీ షియర్ లాంటి సెషన్ కళాకారులకు ఆ శాతం కూడా లేదు. వచ్చి వాయించినందుకు ఆ పూటకు ఒక ఫీజు, అంతే. ఆ పాట లక్ష కాపీలు అమ్మినా, కోటి అమ్మినా వాళ్లకు తేడా లేదు.

ఆ ఫీజు ఎలా ఉండేదో తెలియాలంటే గాయని క్లేర్ టోరీ సంగతి చూడాలి. 1973 జనవరిలో ఒక ఆదివారం ఆమె అదే అబే రోడ్ స్టూడియోకి వెళ్లి, పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం ఆల్బమ్ ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్‌లో ఒక పాటకు మాటల్లేకుండా ఆలాపన చేశారు. ఆదివారం కాబట్టి రెట్టింపు రేటు. మొత్తం 30 పౌండ్లు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో అదొకటి అయింది. మూడు దశాబ్దాల తర్వాత 2004లో ఆమె కోర్టుకెక్కారు. పాడినందుకు ఇంకొంత ఇమ్మని కాదు, ఆ ఆలాపన తాను అక్కడికక్కడ కట్టిన స్వరరచన కాబట్టి సహ స్వరకర్తగా గుర్తించమని. మరుసటి ఏడాది రాజీ కుదిరింది, ఆమె పేరు స్వరకర్తల్లో చేరింది. ఆమె దశ తిప్పింది గడువులో అదనంగా వచ్చిన ఏళ్లు కావు. కూలి వరసలోంచి హక్కుదారుల వరసలోకి మారడం.

పాడినవాళ్లకు కంపెనీ చేతి మీదుగా కాకుండా వచ్చే డబ్బు ఒకటుంది. రేడియోలో, టీవీలో, హోటళ్లలో పాట మోగితే కట్టే రుసుము. యూరప్‌లో 1992 నుంచి ఉన్న నియమం ప్రకారం దాన్ని కంపెనీ, కళాకారులు పంచుకోవాలి. బ్రిటన్‌లో పీపీఎల్ అనే సంస్థ వసూలు చేసి సగం నేరుగా కళాకారులకు ఇస్తుంది. సెషన్ వాళ్లకూ అందులో వాటా ఉంది. అడ్వాన్సు బాకీకి జమ కట్టుకునే వీల్లేని సొమ్ము ఇది. గడువు పెంపు వల్ల మామూలు వాద్యకారుడికి నికరంగా చేతికొచ్చేది ఏదైనా ఉందంటే ఎక్కువగా ఈ దారినే.

ఇక వాదనల సంగతి. పెంచాలన్నవాళ్లు మూడు మాటలు చెప్పేవాళ్లు. మనిషి ఆయుష్షు పెరిగింది, ఇరవైల్లో పాడినవాళ్లు డెబ్బైల్లో ఆదాయం కోల్పోతున్నారు అన్నది మొదటిది. అమెరికాలో 95 ఏళ్లుంటే ఇక్కడ 50 ఏమిటన్నది రెండోది. పాత పాటల రాబడితోనే కొత్తవాళ్ల మీద పెట్టుబడి పెడతాం అన్నది రికార్డు కంపెనీల మాట. ఈ మూడోదాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కొత్త గాయకుడి మీద పందెం కాసేది అతని పాట ఆడుతుందన్న ఆశతో గానీ, గోదాములో పాత పాటల డబ్బు మూలుగుతోందని కాదు. రెండోది పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ లోపల డొల్ల. అమెరికాలో 95 ఏళ్ల రక్షణ ఉన్న మాట నిజమే. కానీ అక్కడ మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట మోగితే పాడినవాళ్లకు ఒక్క సెంటు కూడా రాదు, చట్టంలోనే ఆ హక్కు లేదు. గడువు చూస్తే బారెడు, గల్లాపెట్టె చూస్తే ఖాళీ. పోలిక తెచ్చినవాళ్లు ఈ సగం చెప్పడం మర్చిపోయేవాళ్లు.

మొదటి మాట మాత్రం మనసుకు తగిలేది. దాన్ని కొట్టిపారేయడానికి కొందరు వాడిన ఎదురు వాదన కూడా అంత గొప్పదేమీ కాదు. తాపీ మేస్త్రీకి తాను కట్టిన ఇంటి మీద 50 ఏళ్ల తర్వాత కూలి వస్తుందా, గాయకుడికి ఎందుకు రావాలి అని అడిగేవాళ్లు. మేస్త్రీ పనితనాన్ని రోజూ కొత్తగా కాపీ చేసి అమ్మడం కుదరదు. గాయకుడి గొంతును మాత్రం అమ్ముతూనే ఉంటారు. అమ్మకం సాగినంత కాలం అందులో కొంత అతనికి రావాలనుకోవడం దురాశ కాదు. కాకపోతే ఆ రావాల్సింది గడువు పెంచితే వస్తుందా అన్నదే చూడాలి.

ఆర్థికవేత్తల అభ్యంతరం వేరే చోట ఉంది. పాట చేసేనాటికి 50 ఏళ్ల తర్వాత వచ్చే డబ్బు విలువెంత? ఏడు శాతం వడ్డీ లెక్కన, 50 ఏళ్లకు చేతికొచ్చే 100 యూరోల విలువ ఇవాళ దాదాపు 3 యూరోల 40 సెంట్లు. 70 ఏళ్లకు వచ్చే 100 యూరోల విలువ ఒక్క యూరో కూడా కాదు. అదీ పాట 50 ఏళ్ల తర్వాత కూడా అమ్ముడైతేనే. ఆ కాస్త కోసం స్టూడియోకి వెళ్లాలా వద్దా అని ఏ ఇరవై ఏళ్ల గిటారిస్టూ లెక్కలు వేసుకోడు. అమెరికాలో 1998లో అన్ని కాపీరైట్లకూ 20 ఏళ్లు కలిపిన చట్టం ఎల్‌డ్రెడ్ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు 17 మంది ఆర్థికవేత్తలు ఇదే లెక్క కోర్టు ముందు పెట్టారు. వాళ్లలో ఐదుగురు నోబెల్ గ్రహీతలు. మిల్టన్ ఫ్రీడ్‌మన్, కెన్నెత్ ఆరో వంటి వేర్వేరు దారుల మనుషులు ఒకే కాగితం మీద సంతకం పెట్టడమే ఒక వార్త. కొత్త రచనలకు ఆ పెంపు వల్ల కలిసొచ్చేది ఒక్క శాతం కూడా ఉండదని వాళ్లు చెప్పారు. ఇక ఇప్పటికే తయారైపోయిన పాటకు గడువు పెంచితే ప్రోత్సాహం అన్న మాటకే అర్థం లేదు. పాడటం ఎప్పుడో అయిపోయింది. అయినా 2003లో కోర్టు 7-2 తేడాతో చట్టాన్ని నిలబెట్టింది. గడువు ఎంతుండాలన్నది చట్టసభ ఇష్టం అన్నది దాని తీర్పు సారం.

పెంపు వల్ల పోయేది కూడా ఉంది. పాత రికార్డింగుల్లో చాలా భాగం హక్కుదారుల దగ్గర మూలన పడి ఉంటుంది. అమెరికాలో టిమ్ బ్రూక్స్ 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున చేసిన సర్వే దీనికి అంకెలిచ్చింది. 1890 నుంచి 1964 దాకా వచ్చిన ముఖ్యమైన రికార్డింగుల్లో హక్కుదారులు తిరిగి మార్కెట్లోకి తెచ్చినవి 14 శాతం. హక్కు లేనివాళ్లు తెచ్చినవి 22 శాతం. యజమాని తాళం వేసుకుని కూర్చుంటే పక్కింటివాళ్లు దీపం పెట్టినట్టుంది పరిస్థితి.

నాక్సోస్ అనే కంపెనీ కథ ఇందుకు మంచి ఉదాహరణ. యెహూదీ మెనూహిన్, పాబ్లో కాసల్స్ వంటి మహామహులు 1930లలో బ్రిటన్‌లో రికార్డు చేసిన శాస్త్రీయ సంగీతాన్ని ఆ కంపెనీ పాత లక్క రికార్డుల నుంచి తీసింది. గీతల చప్పుడు, గరగరలు తొలగించి సీడీలుగా అమ్మింది. బ్రిటన్‌లో వాటికి 50 ఏళ్లు నిండిపోయాయి కాబట్టి అక్కడ పేచీ లేదు. అమెరికాలో మాత్రం 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డింగులకు జాతీయ చట్టం కింద రక్షణే లేదు, ఏ రాష్ట్రం రూలు ఆ రాష్ట్రానిది. ఆ సందులోంచి క్యాపిటల్ రికార్డ్స్ అనే కంపెనీ న్యూయార్క్ కోర్టుకెళ్లి 2005లో గెలిచింది. పుట్టిన దేశంలో హక్కు చచ్చిపోయినా న్యూయార్క్‌లో బతికే ఉందని తీర్పు. ఆ చిక్కుముడిని 2018లో గానీ అమెరికా చట్టసభ కాంగ్రెస్ విప్పలేదు. 1923కు ముందు రికార్డింగులన్నీ 2022 జనవరి 1న ఒక్కసారే పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునే స్థితిలోకి వచ్చాయి. అందులో కొన్నింటికి అప్పటికే వందేళ్లు దాటిపోయాయి.

యూరప్‌కి తిరిగొస్తే, 2008లో యూరోపియన్ కమిషన్‌లో అంతర్గత మార్కెట్ కమిషనర్ చార్లీ మెక్రీవీ ఏకంగా 95 ఏళ్లు ప్రతిపాదించారు. ఆయన చెప్పిన కారణం కూడా ముసలి సెషన్ కళాకారుడే. కమిషన్ తానే డబ్బిచ్చి ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం చేత ఇదే అంశం మీద అధ్యయనం చేయించింది. అది పెంపు వద్దంది. తీరా ప్రతిపాదన పత్రాల్లో ఆ అధ్యయనం ఊసే లేదు. దానికి నేతృత్వం వహించిన ప్రొఫెసర్ బెర్న్ట్ హ్యూగెన్‌హోల్ట్స్ ఊరుకోలేదు. కమిషన్ అధ్యక్షుడు బరోసోకు బహిరంగ లేఖ రాసి కడిగేశారు. అడిగి తెప్పించుకున్న సలహా నచ్చకపోతే కాదనొచ్చు, రాలేదన్నట్టు నటిస్తేనే వస్తుంది గొడవ.

బ్రిటన్ కూడా ఈలోపు మాట మార్చింది. 2007లో పార్లమెంటు కమిటీ పెంచమంటే గవర్స్ నివేదిక చూపించి కుదరదన్న ప్రభుత్వం, 2008 డిసెంబర్‌లో సాంస్కృతిక మంత్రి ఆండీ బర్న్‌హమ్ నోట నైతికంగా ఆలోచిస్తే పెంచడం సబబే అంది. ఆర్థిక లెక్కలు కుదరని చోట నీతి ముందుకు రావడం రాజకీయాల్లో కొత్తేమీ కాదు. 2009 ఏప్రిల్‌లో యూరోపియన్ పార్లమెంటు 95ను 70కి తగ్గించి ఆమోదించింది. సభ్య దేశాల మంత్రుల మండలిలో మరో రెండేళ్లు నలిగాక 2011 సెప్టెంబర్ 12న అది చట్టమైంది. బెల్జియం, నెదర్లాండ్స్, స్వీడన్‌తో సహా ఎనిమిది దేశాలు వద్దన్నాయి. మరో రెండు ఓటింగుకు దూరంగా ఉన్నాయి.

అదనపు ఏళ్లు కంపెనీల జేబులోకే పోతాయన్న విమర్శ అప్పటికే గట్టిగా ఉంది. అందుకే చట్టంలో కొన్ని మెలికలు పెట్టారు. 50 ఏళ్లు దాటిన రికార్డింగుల అమ్మకాల్లో 20 శాతం కంపెనీ పక్కన పెట్టి సెషన్ కళాకారుల నిధికి ఇవ్వాలి. రాయల్టీ ఒప్పందం ఉన్న గాయకుల నుంచి పాత అడ్వాన్సు బాకీ అంటూ ఇక కోతలు పెట్టకూడదు. కంపెనీ ఆ రికార్డింగును మార్కెట్లో ఉంచకపోతే కళాకారుడు నోటీసు ఇవ్వొచ్చు. ఏడాదిలోపు కంపెనీ కదలకపోతే ఒప్పందం రద్దవుతుంది, కంపెనీ హక్కు కూడా పోతుంది. ఈ చట్టంలో నిజంగా పనికొచ్చే ముక్కలు ఇవే. ముఖ్యంగా ఆ బాకీ మాఫీ. చిత్రమేమిటంటే, వీటిలో దేనికీ గడువు పెంచాల్సిన అవసరం లేదు. పదిహేనో ఏట, ఇరవయ్యో ఏట బాకీ రద్దు చెయ్యమని కూడా చట్టం చెప్పొచ్చు. పాట వేడిగా అమ్ముడవుతున్నప్పుడు కళాకారుడికి ఇవ్వని రక్షణ అది చల్లారాక 51వ ఏట ఇచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి వాటా తేల్చకుండా వరం గడువు పెంచారు.

అంకెలు కూడా ఆ మాటే చెప్పాయి. సగటు కళాకారుడికి ఏడాదికి 150 నుంచి 2,000 యూరోల దాకా అదనంగా రావచ్చని కమిషన్ సొంత అంచనా. ముసలివాడికి 150 యూరోలైనా చేదు కాదు, నిజమే. కానీ బోర్న్‌మత్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ క్రెచ్‌మర్ వేసిన లెక్క ప్రకారం పెంపు లాభంలో 72 శాతం రికార్డు కంపెనీలకు పోతుంది. కళాకారులకు వెళ్లే 28 శాతంలోనూ సింహభాగం పెద్ద స్టార్లదే. ఎవరి ముసలితనం చూపించి ఈ చట్టం తెచ్చారో వాళ్లకు మిగిలేది 4 శాతం.

చట్టం 2013 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజుకు ఇంకా గడువు మిగిలి ఉన్న రికార్డింగులకే అదనపు ఏళ్లు, గడువు తీరిపోయినవాటికి తిరిగి ప్రాణం పోయరు. దాంతో గీత సరిగ్గా 1963 దగ్గర పడింది. బీటిల్స్ మొదటి రికార్డు లవ్ మి డూ 1962 అక్టోబర్‌లో వచ్చింది. 2012 డిసెంబర్ 31న దాని గడువు తీరిపోయింది, పది నెలల తేడాతో బండి తప్పిపోయింది. 1963 నుంచి వచ్చిన బీటిల్స్ రికార్డులన్నీ మాత్రం బండెక్కాయి. క్లిఫ్ చట్టం అని పేరుపడ్డ ఈ చట్టం క్లిఫ్ రిచర్డ్ తొలి హిట్లలో దేన్నీ కాపాడలేదు. మూవ్ ఇట్ 2008లోనే జారిపోయింది. 1959 నాటి లివింగ్ డాల్, 1962 జనవరిలో వచ్చిన ద యంగ్ వన్స్ కూడా అంతే. 1963లో వచ్చిన సమ్మర్ హాలిడే దగ్గర నుంచి మాత్రమే ఆయనకు లాభం. పేరు పెట్టినవాళ్లు తేదీలు చూసుకున్నట్టు లేదు.

మరో తమాషా కూడా జరిగింది. 70 ఏళ్లు విడుదలైన రికార్డింగులకే. విడుదల కాకుండా అల్మారాలో ఉన్నవాటికి చేసిన నాటి నుంచి 50 ఏళ్లు దాటితే రక్షణ పోతుంది. ఈ మాట అర్థమైన కంపెనీలు డిసెంబర్ నెల వచ్చేసరికి హడావుడి పడటం మొదలుపెట్టాయి. 2012 చివర్లో బాబ్ డిలన్ పాత రికార్డింగులతో ఒక సెట్ యూరప్‌లో విడుదలైంది. వేసింది దాదాపు 100 కాపీలే. పైగా దాని మీద కాపీరైట్ పొడిగింపు సంకలనం అని పచ్చిగా రాసేశారు. కొనేవాళ్ల కోసం కాదు, చట్టం కోసం చేసిన విడుదల. 2013 డిసెంబర్‌లో బీటిల్స్ విడుదల కాని 1963 రికార్డింగులు 59 ఒక్కసారిగా ఐట్యూన్స్‌లో ప్రత్యక్షమయ్యాయి. అభిమానులకు పండగే, ఆ మాట దాచనక్కర్లేదు. ఒక్కోసారి గడువు ముంచుకు రావడమే అల్మారా తలుపులు తెరిపిస్తుందని దీన్ని బట్టి తేలింది. గడువు పొడిగించాలన్నవాళ్ల వాదనకు సరిగ్గా ఎదురు నిలిచే సాక్ష్యం ఇది.

యూరప్ తర్వాత మిగతా దేశాలూ ఆ దారే పట్టాయి. కెనడా 2015లో బడ్జెట్ బిల్లులో భాగంగా రికార్డింగుల గడువు 70 చేసేసింది, పెద్ద చర్చేమీ లేదు. జపాన్ 2018 డిసెంబర్ 30న మార్చింది. భారత చట్టంలో రికార్డింగు యజమానికి 60 ఏళ్లు, పాడినవాళ్లకు 50. అంటే ఆఖరి పదేళ్లు పాట మీద కంపెనీకి హక్కుంటుంది, గొంతు ఇచ్చినవాళ్లకు ఉండదు. అయితే 2012 సవరణ హక్కులు రాసిచ్చేసినా సరే, పాటను వ్యాపారానికి వాడుకుంటే గాయకులకు రాయల్టీ రావాల్సిందేనంది. ఏళ్ల సంఖ్య కన్నా ఈ ఒక్క వాక్యానికే బరువెక్కువ.

అమెరికాలో కూడా ఇంటర్నెట్ రేడియో విషయంలో ఇలాంటి పనే జరిగింది. మామూలు రేడియో నుంచి సున్నా అయినా, డిజిటల్ రేడియో నుంచి వసూలయ్యే సొమ్మును ఎలా పంచాలో చట్టమే రాసిపెట్టింది. సగం రికార్డింగు హక్కుదారుకు, 45 శాతం ముఖ్య కళాకారులకు, 5 శాతం సెషన్ కళాకారులకు. సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే సంస్థ ముఖ్య కళాకారుల వాటాను నేరుగా వాళ్లకే పంపుతుంది, సెషన్ వాళ్ల వాటా ఒక నిధి ద్వారా చేరుతుంది. ఇక్కడ అడ్వాన్సు బాకీ లెక్క అడ్డు రాదు. ఆ 5 శాతం చిన్నదే, కానీ పాట వచ్చిన మొదటి ఏడాది నుంచే వస్తుంది. అర శతాబ్దం ఆగక్కర్లేదు.

ఇప్పుడు గొడవ ఏళ్ల మీద నుంచి స్ట్రీమింగ్ మీదకు జరిగింది. రేడియోలో పాట మోగితే బ్రిటన్ సెషన్ వాద్యకారుడికి వాటా ఉంది. అదే పాటను ఎవరైనా ఫోన్లో ఎంచుకుని స్ట్రీమ్ చేస్తే అది ప్రసారం కిందికి రాదు, అమ్మకం లాంటిదే అంటారు. దాంతో అతనికి మళ్లీ సున్నా. స్ట్రీమింగ్‌కూ రేడియో తరహా సమాన వాటా ఇవ్వాలని 2021 జులైలో బ్రిటన్ పార్లమెంటు కమిటీ సిఫారసు చేసింది. స్పెయిన్ ఎప్పటి నుంచో అలాంటి హక్కు ఇస్తోంది. రికార్డు కంపెనీలు దీన్ని గట్టిగా అడ్డుకుంటున్నాయి. 2006లో కళాకారులతో భుజం భుజం కలిపి పూర్తి పేజీ ప్రకటన వెనక నిలబడ్డ కంపెనీలే ఇవి. గడువు పెంపులో ఇద్దరిదీ ఒకే పక్షం, పంపకం దగ్గరికి వచ్చేసరికి ఎదురెదురు బల్లలు.

సమ్మర్ హాలిడే గడువు 2033 డిసెంబర్ 31న ముగుస్తుంది. బ్రిటన్ ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి అప్పుడు ఎవరైనా మరో ఇరవై ఏళ్లు అడిగితే బ్రసెల్స్ దాకా వెళ్లక్కర్లేదు, లండన్‌లోనే తేల్చుకోవచ్చు. మూవ్ ఇట్ మొదట్లో వినిపించే ఆ గిటారు మాత్రం బ్రిటన్‌లో 2009 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, శామ్‌వెల్ రచనకు రుసుము కడితే చాలు. సెషన్ కళాకారుల నిధిలోకి ఆ రికార్డు మీద ఒక్క పెన్నీ కూడా జమ కాదు. అది 1963 గీతకు అవతల ఉండిపోయింది.